తెర మీద జడ

మా బైరాగి మావ జడ కోసింది నేనే. వాట్‌గంజ్‌లో ఇరవై ఏళ్లుగా ఈ సంగతి తెలియనివాడు లేడు కాబట్టి దాచడానికేమీ లేదు. జనం చెప్పుకునేటప్పుడు మాత్రం, పాపం పోలిరాజు తాగి ఉన్నాడు అంటారు. నా మీద జాలితో అంటారని తెలుసు. కానీ అది అబద్ధం. ఆ రోజు నేను చుక్క ముట్టలేదు. కత్తెర ముందురోజే మెటియాబ్రుజ్ వెళ్లి ఒక దర్జీని అడిగి తెచ్చుకున్నాను. పంట్లాం గుడ్డ ఎనిమిది మడతలు ఒక్క నొక్కుకి తెగే కత్తెర అది. తాగినవాడు అంత ఏర్పాటు చేసుకోడు.

మాది కలకత్తా ఓడరేవులో, డాకు గోదాముల వెనకున్న తెలుగు బస్తీ. ముప్పై ఇళ్లు, రెండు కుళాయిలు. తాతల నాడు సిక్కోలు సముద్రపొడ్డు నుంచి రైలెక్కి వచ్చి బస్తాల కింద భుజం పెట్టినవాళ్లం, ఇంకా తియ్యలేదు. మా అయ్య ఓడలోంచి సరుకు దించుతుంటే మోకు తెగి ఇనుప కడ్డీల కింద పోయాడు. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ కాసులమ్మ టైఫాయిడ్‌తో పోయింది. అమ్మ తమ్ముడు బైరాగి మావ నన్ను పెంచాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి, "నాలో నానే ఇద్దరున్నాను. మూడో మనిసికి సోటేదీ?" అని నవ్వేవాడు.

మావ వీపు తలుపు చెక్కంత ఉండేది. బస్తాలు మోసి మోసి భుజాలు ఎద్దు మూపులా కాయ కట్టాయి. అలాంటి మనిషి ఏడాదికి నాలుగుసార్లు గడ్డం నున్నగా గీసుకుని, ముఖానికి అర్దళం పూసుకుని, చీర కట్టి, మా బస్తీ బాగోతంలో భామవేషం వేసేవాడు. ఆడవేషమంటే నడుం తిప్పడం, వెకిలిగా కన్ను గీటడం అనుకునేవాళ్లు మావని చూడలేదు. ఆయన మెడ తిప్పేవాడంతే. కోపం వచ్చిన ఆడది మొగుడి వైపు చూడకుండానే ఎలా చూస్తుందో ఆ మెడలో కనిపించేది. బస్తీ ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు గిల్లుకుని, "ఓలమ్మా, అచ్చం మా అత్తే!" అనేవారు. వేషం తీసేశాక కూడా ఆ మెడ కొంచెం మిగిలిపోయేది. డాకులో బస్తా దించి గమ్‌ఛాతో చెమట తుడుచుకుంటున్నప్పుడూ కనిపించేది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆదివారాలు మధ్యాహ్నం మా ఇంటికి ఇంకో ఇద్దరు వచ్చేవారు. బీహారీ పెళ్లిళ్లలో లంగా కట్టి ఆడే రాంధనీ ఒకడు. ఒకప్పుడు చిత్‌పుర్ జాత్రా నాటకాల్లో రాజుగారి పెళ్లాం వేషాలు వేసిన ముసలి బెంగాలీ ఖోకా దా, అంటే ఖోకా అన్న, ఇంకొకడు. ముగ్గురూ చాప మీద కూర్చుని టీ తాగుతూ, రవికెలకి హుక్కులు కుట్టుకుంటూ, మూడు భాషల్లో పోట్లాడుకునేవారు. ఆడదానికి ఏడుపు వస్తే ముందు తడిసేది కన్నా, గొంతా అని ఒక ఆదివారమంతా వాదించుకున్నారు. ఎక్కడా ఎవరూ కుదురుగా కూర్చోనివ్వని మనుషులు మా చాప మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. అంత మంచి చోటు మళ్లీ నేనెక్కడా చూడలేదు. అప్పుడు మాత్రం, వాళ్లు వచ్చారంటే గిన్నె తన్ని బయటికి పోయేవాణ్ని.

బయటేమో నన్ను "లౌండే కా భాంజా" అనేవారు. లౌండా అంటే ఆడవేషం కట్టి ఆడే మగాడని బీహారీ కూలీల మాట. వాడి మేనల్లుణ్నట నేను. పదమూడో ఏట ఆ మాట అన్నవాడి ముక్కు ఇటుకతో చితక్కొట్టాను. పదిహేడో ఏట ఇంకొకడి దవడ విరగ్గొట్టాను. ఇరవై దాటేసరికి బస్తాలెత్తే ఇనుప హుక్కు నడుముకి లేకుండా వీధిలోకి వచ్చేవాణ్ని కాను. కొట్టడం నాకు బాగా అబ్బింది. ఎదుటివాడి ఊపిరి చూసి ఎప్పుడు వంగుతాడో చెప్పగలిగేవాణ్ని.

ఆ విద్య చూసే మృత్యుంజయ్ దా నన్ను చేరదీశాడు. డాకు గేటు దగ్గర ఒక చిన్న యూనియన్‌కి ఆయన పెద్ద. ఏ గ్యాంగులో ఎవడు పని చెయ్యాలో, ఎవడు గేటు బయట ఎండలో నిలబడాలో అంతా ఆయన నోటి మాట మీదే. ఎవణ్ని కొట్టమంటే వాణ్ని కొట్టాను. ఎందుకని అడగలేదు. బదులుగా పర్మనెంటు కార్డు ఇప్పిస్తానన్నాడు. తినడానికి లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె రాసుకుని, కార్డు రాకముందే గ్యాంగు సర్దారులా తిరిగాను.

ఎనభై మూడు ఉగాది ఆటలో మావ నోరు జారాడు. జారాడని నేనంటున్నాను గానీ, కావాలనే అన్నాడు. భామ చెలికత్తెతో మొగుణ్ని తిట్టిపోసే చోట, "మా ఆయనేటి పెద్దోడే? డాకు గేటుకాడ మృత్యుంజయ్ బాబు లాగ, కుర్సీలోంచి లెగకుండానే సెమట్లు పోసీసి అలిసిపోతాడు" అన్నాడు. బస్తీ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు గేటు దాకా వెళ్లింది. మర్నాటి నుంచి మృత్యుంజయ్ దా కుర్చీలో కూర్చుంటే చాలు, కూలీలు గమ్‌ఛాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

ఆయన తొందరపడలేదు. ఆగస్టు దాకా ఆగి నన్ను పిలిచాడు. "విశ్వకర్మ పూజ రోజు మీ ఆట ఉందట. అది జరక్కూడదు. ఇంకెప్పుడూ జరక్కూడదు. నేను ఆపనా, నువ్వు ఆపుతావా?" అన్నాడు. "నేను ఆపితే ముసలోళ్లు కూడా మిగలరు. నువ్వు ఆపితే మర్నాడు పొద్దున్న వచ్చి కార్డు తీసుకో."

నేను ఇంటికి వెళ్లి మావతో చెప్పాను.

"ఈపాలి సీర కట్టకు మావా. నానడుగుతున్నాను."

"ఏల?"

"నాకు సిగ్గుగుంది."

"నీకు సిగ్గయితే నువ్వు కట్టకు. నాకు నేదు."

ముఖం మీద కొట్టాను. నన్ను పెంచిన మనిషి మీద అదే మొదటిసారి చెయ్యెత్తడం. తలుచుకుంటే నన్ను సోడా బస్తాలా లేపి కాలవలో పడేసేవాడు. లేపలేదు. మగ్గులో రక్తం ఉమ్మి, అద్దం తీసి పెదవి చూసుకున్నాడు. "పెదివి వాసిపోతే రంగు నిలబడదురా సచ్చినోడా. కొడితే ఈపు మీద కొట్టు" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చి వీపు మీద కూడా కొట్టాను.

ఇక జడ సంగతి చెప్పాలి. మా బాగోతంలో భామ వచ్చీరాగానే కనిపించదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని ఒక దుప్పటంత తెర నిలబెడతారు. తెర వెనక నుంచి భామ తన జడ తీసి తెర మీదుగా జనం వైపు వేస్తుంది. అయిదడుగుల జడ అలా వేలాడుతుంటే లోపలి నుంచి గొంతు వస్తుంది. "నన్ను మించినోడుంటే రండి! వొచ్చి ఈ జడ కొయ్యండి!" తరవాత పాత తెలుగులో నాలుగు పద్యాలు పాడతారు. కార్పొరేషన్ బడిలో నాలుగు క్లాసులు బెంగాలీ చదివినవాణ్ని, నాకు ఆ పద్యాల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇన్నేళ్లుగా ఎవరూ ముందుకొచ్చి కొయ్యడం లేదంటే, అందరూ పిరికోళ్లు కాబోలు అనుకునేవాణ్ని. షరతంతా పద్యాల్లోనే ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ జడ మావ సొంత జుట్టు కాదు. ఆయనకి భుజాల దాకా ఉండేది. దానికి ఈ పెద్ద సవరం కలిపి, దారంతో బిగించి అల్లేవారు. మిగతా రోజుల్లో రేకు పెట్టెలో, వేపాకు మధ్యలో ఉండేది. అమ్మ పోయాక నేను రాత్రిళ్లు పడుకోకుండా ఏడుస్తుంటే, మావ పెట్టె తెరిచి జడ కొస నా చేతికిచ్చేవాడు. కొసకి పచ్చ దారం ఉండేది. దాన్ని ఎడం గుప్పిట్లో పెట్టుకుంటే నిద్ర పట్టేది. తొమ్మిదేళ్లు వచ్చేదాకా అలాగే పడుకున్నాను.

విశ్వకర్మ పూజ రోజు డాకు మూసేశారు. క్రేన్లకి దండలు వేశారు. ఆకాశం నిండా గాలిపటాలు. మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది. దీపం వెలిగించారు. గవరయ్య తాత మద్దెల మీద చెయ్యేశాడు. నేను ఆరుగురిని వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరసలో, ఆడవాళ్ల పక్కనే కూర్చున్నాను. బైరాగి మేనల్లుడు ఇన్నాళ్లకి ఆట చూడ్డానికి వచ్చాడని గవరయ్య తాత కోడలు నారాయణమ్మ పిన్ని సంతోషపడి, నాకు వేయించిన సెనగలు కూడా ఇచ్చింది. అవి నములుతూనే కూర్చున్నాను.

తెర లేచింది. జడ వచ్చి పడింది. గొంతు వినిపించింది. నేను లేచాను.

ఎడం చేత్తో జడ కొస అందుకున్నాను. కొంచెంసేపు అలాగే నిలబడ్డాను. లోపలి నుంచి లాగలేదు. కదలిక లేదు. ఆ కాసేపు ఎందుకు ఆగానో అప్పుడు నాకు తెలియదు. వెనక నుంచి మావాళ్లలో ఒకడు ఈలేశాడు. కత్తెర తీశాను. ఎనిమిది మడతలు ఒక్క నొక్కుకి తెగే కత్తెరతో మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది. మూడో నొక్కుకి జడ నా మెడ మీద పడింది.

"కోసీసినాను! గెలిసీసినాను!" అని జడ పైకెత్తి అరిచాను.

మద్దెల మోగుతూనే ఉంది. తరవాత నారాయణమ్మ పిన్ని పెట్టిన కేక, పురిటి నొప్పుల్లో కూడా ఎవరూ పెట్టరు. ఆ కేకతో మా ఆరుగురూ లేచారు. పంట్లాంలలో, చొక్కాల వెనకా దాచిన రాడ్లు బయటికి తీశారు. హార్మోనియం పెట్టె మొదటి దెబ్బకే పగిలింది. బస్తీ మగాళ్లు వెదురు బొంగులు లాక్కుని మీద పడ్డారు. ఎవడి పళ్లో నా చొక్కా మీద పడ్డాయి. ఒకడి చెవి సగం వేలాడుతోంది. నాకూ నెత్తి మీద తగిలింది. రక్తం కంట్లోకి కారుతుంటే కూడా ఆ జడ పైకి పట్టుకునే ఉన్నాను.

తెర పట్టుకున్న ఇద్దరు మాత్రం తెర వదల్లేదు. దీపం ముందు లేచిన తెర నేల తాకకూడదు. వాళ్లని కొట్టారు, తన్నారు. ఒకడి తల పగిలి రక్తం గుడ్డ మీదుగా పారింది. వాడు మోకాళ్ల మీద కూలబడి కూడా రెండు చేతులూ పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. తెర ఇంకా నిలబడే ఉంది కాబట్టి, దాని వెనక జరిగింది జనం చూడలేదు. పక్కగా నిలబడ్డ నేను చూశాను. మావ బిగించి కట్టిన చీరలో, గజ్జెలతో, నరికిన జుట్టుతో నిలబడి ఉన్నాడు. పారిపోలేదు. మావాడొకడు రాడ్డు ఎత్తి మావ కుడి మోకాలి మీద వేశాడు. పచ్చి వెదురు విరిచిన చప్పుడైంది. పడిపోయాక అదే మోకాలి మీద మళ్లీ వేశాడు. గజ్జెలు ఒకసారి గలగలమన్నాయి.

నేను ఆపగలిగేవాణ్ని. మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆపలేదు.

వాళ్లు మద్దెలని కాలితో తన్ని తోలు చింపాక గవరయ్య తాత చేతులు ఆగాయి. నేల మీద పడి మావ నన్నే చూశాడు. మెడ కొంచెం తిప్పి, ఆ వేషంలో చూసినట్టే చూశాడు. "కోసినోడు ఎల్లిపోకూడదురా. తెర యెనక్కి రావాల" అన్నాడు. నేను నవ్వి, ఉమ్మేసి, మా ఆరుగురితో వెళ్లిపోయాను. దెబ్బలు తిన్న కుర్రవాళ్లకి సారా పోయించాను. నేను మాత్రం తాగలేదు, ఇందాకే చెప్పానుగా.

మర్నాడు కార్డు చేతికొచ్చింది. మృత్యుంజయ్ దా జడ చూసి ముచ్చటపడి, అది తన దగ్గర ఉంచమన్నాడు. వాళ్ల క్లబ్బు గదిలో గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. కారమ్స్ ఆడేవాళ్లు పౌడరు వేళ్లు దానికి తుడుచుకునేవారు. మూడు రోజుల్లో అది తెల్లబడింది.

నేను అదే బస్తీలో, రెండో కుళాయి పక్క ఖాళీ గదిలోకి మారాను. నన్ను ఎవరూ కొట్టలేదు. మగాళ్లు ముఖం తిప్పుకున్నారు, అది నాకు లెక్కలేదు. ఆడవాళ్లే వదల్లేదు. మొదటి రోజు కుళాయి దగ్గర ఒకావిడ బిందె దించి, "నా జుట్టేదిరా?" అంది. పిచ్చిదనుకున్నాను. వెనకాల ఇంకొకామె, "నాదిచ్చీ" అంది. మూడో రోజుకి ముసలమ్మలు, పిల్లల తల్లులు, నిన్న గాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల, అందరిదీ ఒకటే మాట. తలుపు తీస్తే, "నా జుట్టు నాకిచ్చీరా, పరాయోళ్ల గోడకి ఏలాడదియ్యడానికి ఇచ్చినానేటి?" నేను తిట్టాను. ఒకసారి ఆ కొత్త కాపురం పిల్ల బిందె తన్నాను. ఆ పిల్ల తడిసిన చీరతో అక్కడే నిలబడి, మళ్లీ అదే అడిగింది.

అయిదో రోజు నారాయణమ్మ పిన్ని వచ్చింది. ఆమె అడగలేదు. గుమ్మంలో కూలబడి చెప్పింది.

ఆడవాళ్లు దువ్వుకున్నాక రాలిన జుట్టు ఉండ చుట్టి రేకు గోడ కన్నంలో దూర్చడం నాకు తెలుసు. మా అమ్మా అలాగే దూర్చేది. వీధిలో పడేస్తే ఎవడి చేతికైనా చిక్కి చేతబడి చేస్తాడని భయం. నెలకోసారి పిన్ని బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అవి పట్టుకుపోతుంటే, సామాన్లవాడికి ఇచ్చి గిన్నెలు కొంటుందనుకునేవాణ్ని. ఆమె వాటిని కుంకుడు రసంలో ఉతికి, వెంట్రుక వెంట్రుకా సాపు చేసి పాయలు కట్టేదట. ముప్పై ఇళ్ల ఆడవాళ్ల జుట్టూ ఆ జడలో ఉందట. బతికినవాళ్లదీ, పోయినవాళ్లదీ. తెర మీద జడ పడిందంటే బస్తీ ఆడవాళ్లందరూ తల ఎత్తినట్టట.

"మీ యమ్మకి జొరంలో గుత్తులు గుత్తులుగా ఊడిపోనాది" అంది పిన్ని. "మంచం మీదే దువ్వుకుని, దువ్వుకుని, అంతా సుట్టి నాకిచ్చినాది. 'పారీకు సెల్లీ, తమ్ముడి జడలో ఎయ్యి' అనీసి. నడిమి పాయ కాసులమ్మదిరా. కొసకి పచ్చ దారం కట్టింది నానే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని అంటారు. నాకు అప్పుడు పట్టుకోవడానికి ఆకు కూడా లేదు. పిన్ని పక్కనుంచి బయటపడి నేరుగా క్లబ్బుకి వెళ్లాను.

నలుగురు కారమ్స్ ఆడుతున్నారు. మృత్యుంజయ్ దా కుర్చీలో ఉన్నాడు. "దాదా, అది ఇచ్చెయ్" అన్నాను. ఎందుకన్నాడు. మా అమ్మదన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వు తుడుచుకుని, "ఒక్కసారి ఆడి చూపించు. మీ మావలాగ. బాగుంటే తీసుకుపో" అన్నాడు. నిజంగానే రెండడుగులు వెయ్యాలని చూశాను. కాళ్లు లేవలేదు. నాకు ఒక్క అడుగూ రాదని ఆ గదిలో తెలిసింది. వచ్చిన విద్య ఒక్కటే కాబట్టి అదే చేశాను. కారమ్స్ బోర్డు లేపి మృత్యుంజయ్ దా ముఖం మీద పగలగొట్టాను.

ఆ తరవాతది నలుగురూ ఒక్కడి మీద చేసేది. మేకు మీంచి జడ లాగి ఎడం చేతికి చుట్టుకున్నాను. కింద పడేసి తన్నారు. ముందు పన్ను ఒకటి విరిగి గొంతులోకి పోయింది. గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి కుడి చెయ్యి చట్రం మీద వేస్తే, తలుపు గట్టిగా వేశారు. మళ్లీ తీసి మళ్లీ వేశారు. చిటికెన వేలు, దాని పక్కది నలిగి వేలాడాయి. ఆ చెయ్యి లాక్కున్నాను గానీ రెండో చేతిలోది వదల్లేదు. కార్డు అక్కడే ఎక్కడో పడింది. దాన్ని వెతుక్కోలేదు.

మావ ఇంట్లో రాంధనీ గంజి కాస్తున్నాడు. ఖోకా దా గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి కర్ర ఎత్తాడు. లోపలి నుంచి మావ, "రానీ" అన్నాడు. తొడ దాకా సిమెంటు కట్టు. జడ తీసుకెళ్లి ఆయన పక్కన పెట్టాను. నా వేళ్ల రక్తం చాప మీద కారుతుంటే చూసి కూడా ఆయన ముందు జడనే తడిమాడు.

"ఏ సేత్తో తెచ్చినావు?"

"ఎడం సేత్తో."

"కోసినప్పుడూ ఆ సేత్తోనే పట్టుకున్నావు." కొస వెతికి పచ్చ దారం మీద పౌడరు గోటితో గీకాడు. "తెర యెనకాల నుంచి మనిసి అవుపడడు. పట్టు తెలుస్తాది. పరాయోడైతే లాగుతాడు. నువ్వు లాగనేదు. గుంటప్పుడు తొంగున్నట్టు గుప్పిట్లో పెట్టుకున్నావు. నువ్వేనని అప్పుడే తెలిసిపోనాది."

"తెలిస్తే ఏల కదలనేదు మావా? ఏల అరవనేదు?"

"వొగ్గేస్తావనుకున్నాను."

ఆయన కట్టు మీద తల పెట్టి ఏడ్చాను. పుట్టి బుద్ధెరిగాక అలా ఏడవలేదు. మావ నా తల నిమరలేదు. నేలకి తగిలి తెగిన గజ్జెల పేట పెట్టెలోంచి తీసి నా ముందు పడేశాడు. "ఆడి గెలిసినోడే జడ కొయ్యాల. గెలవకుండా కోసినోడు గజ్జె కట్టాల. ఆ పద్దేల్లో ఉన్నది అదే. నా కాలు ఇంక వంగదు. లెగు, యేళ్లు కట్టించుకునొచ్చీ."

ఏడాది నేర్పాడు. స్టూలు మీద కూర్చుని, చేతికర్రతో నా పిక్కల మీద కొట్టి నేర్పాడు. నేను డాకులో ఎవరినీ అన్ని దెబ్బలు కొట్టలేదు. రాంధనీ నడక నేర్పాడు, ఖోకా దా కన్ను నేర్పాడు, గవరయ్య తాత పద్యం ఒక్కొక్క మాటా విడగొట్టి అర్థం చెప్పాడు. కుడి చేతి రెండు వేళ్లు నిలబడవు కాబట్టి సగం ముద్రలు నాకు ఇప్పటికీ రావు. డాకు గేటు నాకు మూసేశారు. సంత్రాగాఛి రైలు యార్డులో వ్యాగన్లు దించే పని దొరికింది. అక్కడ జుట్టు పెంచితే అడిగేవాడు లేడు. మృత్యుంజయ్ దా ముక్కు వంకరగానే అతుక్కుంది. ఆట మళ్లీ మొదలైతే చూద్దాం అన్నాడని కబురొచ్చింది.

ఎనభై నాలుగు విశ్వకర్మ పూజ. మళ్లీ మధ్యాహ్నం మూడు. తెర ఒక కొస రాంధనీ పట్టుకున్నాడు, ఇంకో కొస ఖోకా దా. వెనక నేను, చీరలో. నా పక్కన స్టూలు మీద మావ. నారాయణమ్మ పిన్ని కోసిన చోట అతుకు వేసి అల్లిన జడ నా నెత్తిన బరువుగా లాగుతోంది. రాడ్డు వేసినవాడు ఇంకో ముగ్గురితో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడని చెప్పారు. మావ ముఖంలోకి చూశాను. "ఎయ్యి" అన్నాడు.

జడ తెర మీద వేశాను. "నన్ను మించినోడుంటే రండి" అన్నాను. మించినోడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

తెర వెనక నుంచి మనుషులు కనబడరు. తెర అంచు కింద కాళ్లు కనిపిస్తాయి. బూట్లు వేసుకున్న రెండు కాళ్లు నడిచి వచ్చి ఆగాయి. జడ బిగిసింది. నెత్తి చర్మం ఊడివస్తుందేమో అన్నంతగా లాగాడు. నా చేతులు వాటంతట అవే పిడికిళ్లయ్యాయి. మావ అరచెయ్యి నా పిడికిలి మీద పడింది. "కదలకు. కదిల్తే ఓడినట్టే" అన్నాడు.

నిలబడ్డాను. బూట్ల చుట్టూ ఇంకేవో కాళ్లు వచ్చాయి. చెప్పుల్లేని కాళ్లు, మట్టెలున్నవీ లేనివీ, పగిలిన మడమలవీ, పసుపు రాసుకున్నవీ. ఎన్నని చూడలేదు. తరవాత రోకలి నేల మీద పడితే వచ్చే చప్పుడు వచ్చింది, కానీ అది నేల మీద పడలేదు. ఒక బూటు కాలు మడత పడింది. మళ్లీ ఆ చప్పుడే. కత్తెర ఒకటి తెర కింది నుంచి జారి నా గజ్జెల దగ్గరకొచ్చి ఆగింది. బూట్లు నేల మీద గీసుకుంటూ వెనక్కి పోయాయి. వెనకే ఇంకో మూడు జతలు పరిగెత్తాయి. జడ వదులైంది. రక్తం చుక్కలు పడినచోట పసుపు రాసుకున్న ఒక పాదం మట్టి కప్పింది.

ఆ చెయ్యి నా జడ మీద ఉన్నది కాసేపే. అంతలోనే నాకు చీర తడిసేంత చెమట పట్టింది. పట్టుకున్నవాడు పగవాడని తెలుసు కాబట్టి, పళ్లు బిగించి నిలబడగలిగాను. మావ ఇదే చోట, పట్టుకున్నది తాను అన్నం పెట్టి పెంచిన చెయ్యి అని తెలిసి, అది వదిలేస్తుందని నమ్మి నిలబడ్డాడు. మూడు నొక్కులూ అలాగే నిలబడ్డాడు.

"తెర దించండి" అన్నాడు మావ.

నేను కన్నీళ్లతోనే మెడ తిప్పాను.